గుంట పింజరలు, పొలం పింజరలు: పాము గుర్తింపు – విషవిరుగుడు మందు

వరంగల్ నగరంలోని కాశిబుగ్గకు చేరువలోనే ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ ఉన్నది. పత్తి, మొక్కజొన్న మొదలుకొని మిర్చి వరకు చుట్టుపక్కల జిల్లాల పంట ఈ మార్కెట్‌కే చేరుతుంది. ఆ పంట పండించే గ్రామాలలో పాముకాటుకు గురైనవారు కూడా ఇదే నగరానికి వస్తారు. వారి గమ్యం మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి. పత్తి ఏరేటప్పుడు, గట్ల మీద గడ్డి కోసేటప్పుడు, రాత్రి కల్లం దగ్గర కావలి పడుకున్నప్పుడు పాము భయం రైతును వెన్నంటే ఉంటుంది. పల్లెల్లో “పింజర కరిచింది” అనే మాట సర్వసాధారణం. అయితే ఈ ఒక్క మాట కింద స్వభావంలోనూ, నివాసంలోనూ, విషంలోనూ వేర్వేరైన మూడు రకాల పాములు ఇమిడి ఉన్నవి. మొదటిది రక్తపింజర. రెండవది చిన్న పింజర, దీనినే కొన్ని తావుల ఇసుక పింజర అంటారు. మూడవది వెదురు అడవులలో నివసించే పచ్చని గుంట పింజర. మొదటి రెండింటి విషానికి మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు పనిచేస్తుంది. మూడవదాని విషాన్ని ఆ మందు తయారీలో వాడనే వాడరు. ఏ పాము ఎక్కడ ఉంటుందో, ఏ మందు దేనికి తగునో తెలిసి ఉండటం అందువల్ల రైతుకూ, అడవి కూలీకీ ప్రాణావసరం.

తెలుగు నేల మీద నమోదైన పింజరలు

పచ్చని గుంట పింజర ఆధునిక శాస్త్ర గ్రంథాలలోకి ప్రవేశించినది తెలుగు నేల నుండే. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780 దశకంలో విశాఖపట్నంలో ఉండి, 1785 నుండి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. కోరమాండల్ తీరపు పాములను సేకరించి, రంగుల చిత్రాలతో 1796లో పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ గ్రంథంలోని ఒక విశేషం తెలుగు పాఠకులను ఆకర్షించక మానదు. ఆయన అనేక పాములకు కొత్త పేర్లు కల్పించక, స్థానికులు పిలిచే పేర్లనే ఇంగ్లీషు లిపిలో రాసుకొన్నాడు. పచ్చని గుంట పింజరను “బోద్రూ పాము” అనీ, రక్తపింజరను “కాటుక రేకుల పొడ” అనీ నమోదు చేశాడు. ఆయన వర్ణన ఆధారంగానే జార్జి షా అనే శాస్త్రజ్ఞుడు 1802లో పచ్చని పింజరకు గ్రామినియస్ అనే జాతి నామం పెట్టాడు. పచ్చగడ్డికి సంబంధించినదని ఆ మాటకు అర్థం. రక్తపింజరకు రస్సెల్ పేరే 1797లో స్థిరపడింది. గుంట పింజర ప్రజాతి నామం చాలాకాలం ట్రైమెరిసురస్‌గా ఉండి, 2021లో జరిగిన వర్గీకరణ సవరణ తరువాత క్రాస్పెడోసెఫాలస్‌గా మారింది. పాత పుస్తకాలలో మొదటి పేరు కనబడితే అది వేరే పామని పొరబడరాదు.

రస్సెల్ ఆసక్తి కేవలం పేర్ల మీద కాదు. విషపు పామును విషం లేని పాము నుండి సామాన్యుడు వేరు చేసుకొనగల గుర్తు ఏదైనా ఉన్నదా అన్నదే ఆయన అసలు ప్రశ్న. కోరలను పరిశీలించడమే నమ్మదగిన పద్ధతి అని ఆయన తేల్చాడు. నోరు తెరచి చూడవలసిన గుర్తు కాటు తిన్నవానికి అంతగా ఉపకరించదన్నది వేరే సంగతి.

గుంట చేసే పని

గుంట పింజరలకు ఆ పేరు రావడానికి కారణం కంటికీ ముక్కు రంధ్రానికీ నడుమ ఇరువైపులా ఉండే లోతైన గుంట. రక్తపింజరకు గానీ, చిన్న పింజరకు గానీ ఈ గుంట లేదు. గుంట లోపల సుమారు 15 మైక్రాన్ల మందం గల పలుచని పొర గాలిలో వేలాడుతున్నట్లు బిగించి ఉంటుంది. పొరకు ముందూ వెనుకా గాలి ఉండటం వల్ల దాని మీద పడిన వేడి చుట్టుపక్కల కండరాలలోకి ఇంకిపోదు. అందుచేత అతి స్వల్పమైన వేడికే పొర స్పందిస్తుంది. డిగ్రీలో వెయ్యవ వంతులలో కొలిచే తేడాను సైతం ఈ పాములు గుర్తించగలవని ప్రయోగాలు తెలిపాయి.

ఈ పొరలో త్రిధార నాడి కొసలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. ఆ నాడీ కణాలలో వేడికి తెరచుకొనే ప్రోటీను ద్వారం ఏదో 2010లో కనుగొన్నారు. మనుషుల్లో ఆవాలు, ముల్లంగి వంటి వాటి ఘాటుకు మంట పుట్టించే ట్రిప్ ఏ1 అనే ప్రోటీనే గుంట పింజరలలో ఉష్ణ గ్రాహకంగా మారింది. గుంట నుండి వచ్చిన సమాచారమూ, కంటి నుండి వచ్చిన సమాచారమూ మెదడులో ఒకే తావున కలుస్తాయి. కటిక చీకటిలోనూ ఎలుక శరీరపు వేడి ఆకారం పాముకు దిక్కుతో సహా తెలుస్తుంది. వెదురు కొమ్మ మీద కదలకుండా కూర్చొని రాత్రివేళ వేటాడే జీవికి ఇంతకన్న తగిన పనిముట్టు లేదు.

మనిషికి ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. పగలంతా నిశ్చలంగా ఉండే ఈ పాము దగ్గరగా వచ్చిన వెచ్చని చేతిని కనిపెట్టగలదు. వెదురు నరికేవాని కాటు ఎక్కువగా చేతి మీద, ఒక్కొక్కప్పుడు ముఖం మీద పడటానికి కారణం పాము నేల మీద గాక కొమ్మ మీద ఉండటమే. రక్తపింజర కాటు ప్రధానంగా పాదం మీద, మడమ దగ్గర పడుతుంది. కాటు పడిన తావే పాము గుర్తింపుకు తొలి ఆధారం కాగలదు.

పచ్చగా ఉన్నదంతా గుంట పింజర కాదు

తూర్పు కనుమలలోని వెదురు పొదలు, వాగుల ఒడ్డు పొదలు గుంట పింజరకు ఇష్టమైన తావులు. మైదానపు పైరుపొలం దాని నివాసం కాదు. వరంగల్ చుట్టుపక్కల తోటలో, కంచెపై, ఇంటి ముందటి తీగెపై పచ్చని పాము కనబడితే అది పసిరిక పాము కావడానికే అవకాశం ఎక్కువ. పసిరిక పాము కొరడావలె సన్నగా, చాలా పొడవుగా ఉంటుంది. మూతి సూదిగా ముందుకు పొడుచుకొని వస్తుంది. కనుపాప అడ్డంగా ఉంటుంది. దాని విషం బల్లులకు, చిన్న పక్షులకు చాలునే గాని మనిషి ప్రాణానికి ముప్పు కాదు. కళ్ళు పొడుస్తుందన్న అపవాదు వల్ల అది నిష్కారణంగా చంపబడుతున్నది.

గుంట పింజర పొట్టిగా, దాదాపు రెండున్నర అడుగుల పొడవుతో, బరువైన దేహంతో ఉంటుంది. తల వెడల్పుగా త్రికోణాకారంలో ఉండి, సన్నని మెడతో స్పష్టంగా వేరుపడుతుంది. తలపై పెద్ద పలకలకు బదులు చిన్న చిన్న పొలుసులుంటాయి. కనుపాప నిలువుగా ఉంటుంది. తోకతో కొమ్మను చుట్టి పట్టుకొంటుంది. పిల్లలనే కంటుంది, గుడ్లు పెట్టదు.

ఇటువంటి పొరపాటే నేల మీది పాముల విషయంలోనూ జరుగుతుంది. పూడుపామును, పిల్ల కొండచిలువను రక్తపింజరగా భావించి భయపడటం ఒక పొరపాటు. రక్తపింజరను కొండచిలువ పిల్లగా భావించి చేతితో పట్టబోవడం రెండవది, ప్రాణాంతకమైనది. రక్తపింజర వీపు మీద గొలుసు లంకెల వంటి మచ్చలు మూడు వరుసలుగా ఉంటాయి. కలవరపడినప్పుడు అది వేసే బుస కుక్కరు ఆవిరి చప్పుడును పోలి చాలా దూరం వినబడుతుంది. చిన్న పింజర బుస వేయదు. ఒళ్ళు చుట్టలు చుట్టి, రంపపు అంచు గల పక్క పొలుసులను ఒకదానితో ఒకటి రాపిడి చేసి గరగర చప్పుడు పుట్టిస్తుంది.

అమెరికా ఉష్ణమండలపు అనుభవం

మన పొలంలో రక్తపింజర ఉన్న చోట మధ్య, దక్షిణ అమెరికాలలో గుంట పింజర ఉన్నది. అక్కడి బోత్రోప్స్ ప్రజాతి పాములు అడవికే పరిమితం గాక కాఫీ తోటలలో, అరటి తోటలలో, పశువుల బీళ్ళలో ఎలుకల వెంట తిరుగుతాయి. పాదం మీద కాటు, అంతులేని వాపు, కండ కుళ్ళిపోవడం, రక్తం గడ్డకట్టకపోవడం వీటి విష లక్షణాలు. బతికి బయటపడినవారిలో సైతం కాలో చెయ్యో పోగొట్టుకొన్న వ్యవసాయ కూలీలు ఎందరో.

విషవిరుగుడు మందు చరిత్రలో అత్యంత విలువైన పాఠం ఈ పాముల వల్లనే తెలిసింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కాల్మెట్ 1890 దశకంలో నాగుపాము విషంతో మొదటి విరుగుడు రసిని తయారు చేసినప్పుడు అది అన్ని పాములకూ పనిచేస్తుందని భావించాడు. బ్రెజిల్‌లోని సావో పావులో రాష్ట్రంలో కాఫీ సాగు విస్తరిస్తున్న కాలమది. అడవి నరికి తోటలు వేస్తున్న కూలీలు పాముకాట్లతో మరణిస్తుండగా అక్కడి వైద్యుడు వైటల్ బ్రెజిల్ ఆ మందును పరీక్షించాడు. జరరాకా అనే గుంట పింజరకు గానీ, గిలకపాముకు గానీ అది పనిచేయలేదు. ఏ పాము విషంతో తయారైన మందు ఆ పాముకూ, దాని దగ్గరి బంధువులకూ మాత్రమే విరుగుడు అని ఆయన నిరూపించాడు. 1901లో ఆయన సారథ్యంలో ఏర్పడిన బుటాంటన్ సంస్థ నేటికీ పనిచేస్తున్నది.

వైటల్ బ్రెజిల్ చేసిన మరొక ఏర్పాటు వ్యవసాయ విస్తరణ రంగంలో ఉన్నవారు తప్పక గమనించదగినది. రైతులు తమ పొలాలలో పట్టిన పాములను చెక్క పెట్టెలలో రైలు మీద బుటాంటన్‌కు పంపేవారు. బదులుగా సంస్థ వారికి విరుగుడు మందు పంపేది. ఏ ప్రాంతంలో ఏ పామున్నదో సంస్థకు తెలిసింది, తన ప్రాంతపు పాముకు తగిన మందు రైతుకు అందింది. కోస్టారికాలో 1970లో ఏర్పడిన క్లొడొమిరో పికాడో సంస్థ ఇదే బాటలో నడిచి, దేశంలోని గుంట పింజరల విషాలతోనే మందు తయారు చేసి గ్రామీణ వైద్యశాలలకు చేర్చింది. అక్కడ ఇప్పుడు పాముకాటు మరణాలు ఏడాదికి వేళ్ళ మీద లెక్కించదగినన్ని మాత్రమే. ఆ జరరాకా విషంలోని పదార్థాల మీద జరిగిన పరిశోధనల నుండే రక్తపోటుకు వాడే క్యాప్టొప్రిల్ రూపొంది 1981లో వాడుకలోకి వచ్చింది.

మన మందు, దాని హద్దులు

భారతదేశంలో లభించే బహుళ విషవిరుగుడు మందు నాలుగు పాముల విషాలతో గుర్రాలలో తయారవుతుంది. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఇందుకు కావలసిన విషంలో అధిక భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల పాములవారి సహకార సంఘం నుండి వస్తుంది. గుంట పింజరలేవీ ఈ నాలుగింటిలో లేవు. పడమటి కనుమలలో, శ్రీలంకలో ఉండే ముక్కు పొడుచుకొన్న చిన్న గుంట పింజర కాటు వల్ల కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలున్నవి. వారికి ఈ మందు ఎక్కించినా ప్రయోజనం కనబడలేదు. పైగా గుర్రపు రసి వల్ల కలిగే ప్రతిచర్యల ప్రమాదం ఉండనే ఉన్నది.

నాలుగింటి విషయంలోనూ మోతాదు లెక్క తెలిసి ఉండటం మంచిది. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని నిర్వీర్యం చేస్తుంది. 10 మిల్లీలీటర్ల సీసా ఒకటి 6 మిల్లీగ్రాములకు సరిపోతుంది. రక్తపింజర ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం ఎక్కిస్తుంది. కనుకనే చికిత్స దాదాపు పది సీసాలతో మొదలవుతుంది. పాము పిల్లవాణ్ణి కరచినా పెద్దవాణ్ణి కరచినా ఎక్కించే విషం అంతే గనుక మందు మోతాదు కూడా ఇద్దరికీ ఒకటే. ఒకటి రెండు సీసాలతో సరిపెట్టి పైఆసుపత్రికి పంపడం వైద్యం కాదు, కాలహరణం.

ఒకే జాతి రక్తపింజర విషం సైతం ప్రాంతాన్ని బట్టి మారుతుందని పరిశోధనలు తేల్చాయి. ఆ దృష్టితో చూస్తే తెలుగు జిల్లాల పాముల విషాన్ని కూడా మందు తయారీలో చేర్చడం న్యాయమైన కోరిక. బ్రెజిల్ రైలు పెట్టెల ఉదాహరణ ఇక్కడ గుర్తుకు రాక తప్పదు.

పొలం, ఎలుక, పింజర

2000 నుండి 2019 వరకు ఇరవై ఏళ్ళలో దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని, సగటున ఏడాదికి 58,000 మంది అని 2020లో వెలువడిన జాతీయ మరణాల అధ్యయనం అంచనా వేసింది. దాదాపు సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు లోపలివే. మరణాలు అధికంగా గల ఎనిమిది రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాము ఏదో తెలిసిన కాట్లను విడిగా పరిశీలించగా 43 శాతం రక్తపింజరవి, 18 శాతం కట్లపామువి, 12 శాతం నాగుపామువి. రైతుకు అసలు శత్రువు ఎవరో ఈ అంకెలే చెబుతున్నవి. పచ్చని గుంట పింజర కాటు బాధాకరమే, వాపు మోచేయి దాకా పాకవచ్చు, కానీ మరణం అరుదు.

రక్తపింజర పొలానికి వచ్చేది ఎలుక కోసం. పందికొక్కు అనే తెలుగు మాటే ఇంగ్లీషులో బాండికూట్‌గా స్థిరపడిందంటే ఈ ప్రాణికీ మన పొలాలకూ గల సంబంధం ఎంత పాతదో ఊహించవచ్చు. వెడల్పాటి, ఎత్తైన గట్లు ఎలుక బొరియలకు అనువైనవి. ఆ బొరియలే పింజరకు ఆశ్రయాలు. గట్లను వీలైనంత సన్నగా, పొట్టిగా ఉంచి, కలుపు లేకుండా చూడటం ఎలుకల నివారణలో మొదటి మెట్టు. నాటిన తొలి వారాలలోనే ఊరంతా కలిసి ఒకేసారి ఎలుకల మందు పెట్టాలి. ఒక్కరు పెడితే పక్క పొలం నుండి ఎలుకలు తిరిగి వస్తాయి. జింకు ఫాస్ఫైడు వాడేటప్పుడు ముందు రెండు రోజులు విషం లేని ఎరకు ఎలుకలను అలవాటు చేసి, ఆ తరువాత 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు కలిపి పొట్లాలుగా సజీవ బొరియలలో వేయాలి. ఎలుక తగ్గిన పొలంలో పింజర నిలువదు. పామును చంపి ఎలుకను వదిలితే ఆ బొరియకు మరొక పాము వస్తుంది.

పనివేళల సంగతి కూడా ముఖ్యమే. విడతల వారీ కరెంటు రోజులలో రాత్రిపూట మోటారు వేయడానికి చీకట్లో గట్ల వెంట నడవడం రైతుకు తప్పేది కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా వచ్చిన తరువాత తడిని పగటి వేళకు మార్చుకొనే వెసులుబాటు కలిగింది. పాముకాటు నివారణలో దీని పాత్రను గుర్తించినవారు తక్కువ. పత్తి ఏరేవారికి, గడ్డి కోసేవారికి మడమ పైదాకా వచ్చే బూట్లు చాలా కాట్లను ఆపగలవు. ఎండాకాలపు వేడిలో, తడి రేగడిలో వాటితో నడవడం కష్టమన్న మాట నిజమే. కనీసం గట్టు మీద గడ్డి కోసే పనికైనా వాటిని వాడటం మేలు. మిర్చి కల్లంలో కావలి పడుకొనేవారు నేల మీద గాక మంచం మీద, దోమతెర అంచులను పరుపు కిందికి దోపి పడుకోవాలి. నిద్రలో కరిచే కట్లపాముకు ఇదే అడ్డు. పత్తి కట్టె, మొక్కజొన్న చొప్ప ఇంటి గోడకు ఆనించి వేయరాదు.

కాటు పడిన తరువాత

కాటు పడిన కాలుకు గానీ చేతికి గానీ ఎముక విరిగినప్పటి వలె బద్ద కట్టి కదలకుండా ఉంచాలి. బాధితుణ్ణి నడిపించరాదు. ఉంగరం, కడియం, మెట్టె, బిగుతు బట్టలు వాపు రాకముందే తీసివేయాలి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం మూడూ హానికరం. పింజర కాటుకు తాడు బిగిస్తే విషం ఒకే చోట నిలిచి అక్కడి కండ కుళ్ళుతుంది. నాటు మందు కోసం గడిపే గంటలలోనే రక్తపింజర విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

పామును వెంటాడి చంపి తీసుకురానక్కరలేదు. వీలైతే దూరం నుండి ఫోనుతో ఫొటో తీస్తే చాలు. వైద్యుడు లక్షణాలను బట్టే చికిత్స చేస్తాడు. పింజర విషాన్ని కనిపెట్టే పరీక్ష ఎంతో సులువైనది. కొత్తదైన, పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టక జారితే విషం రక్తంలో పనిచేస్తున్నదని అర్థం. ఈ పరీక్షకు యంత్రం అవసరం లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయవచ్చు. మొదటిసారి గడ్డకట్టినా మళ్ళీ మళ్ళీ పరీక్షించవలసి ఉంటుంది. అందుచేత లక్షణాలు లేవని బాధితుణ్ణి ఇంటికి తీసుకుపోరాదు, కనీసం ఒక పగలూ రాత్రీ వైద్యుని కనుసన్నలలో ఉంచాలి.

వెదురు కోతకు వెళ్ళినవారికి చేతి మీద కాటు పడినప్పుడు కూడా ఈ పద్ధతే వర్తిస్తుంది. పాము పచ్చనిదనీ, పొదలో కొమ్మ మీద ఉన్నదనీ, తల త్రికోణంగా ఉన్నదనీ వైద్యునికి తప్పక చెప్పాలి. ఆ మూడు మాటల వల్ల పనికిరాని మందు సీసాలు వృథా కాకుండా, వాపుకూ నొప్పికీ చికిత్స మొదలవుతుంది. మూత్రపు పరిమాణాన్ని, రక్తం గడ్డకట్టే తీరును గంట గంటకూ గమనించే అవకాశం వైద్యునికి కలుగుతుంది. అడవిలోకి వెళ్ళేవారు పొదలో చేయి పెట్టకముందు పొడవైన కర్రతో వెదురు బోదెలను తట్టి చూడాలి. ఈ పాము సాధారణంగా పారిపోదు, కదలకుండా ఉండిపోతుంది. తట్టిన తరువాత బోదెను కింది నుండి పైదాకా కళ్ళతో పరికించి, ఆ తరువాతే కత్తి వేయాలి.